అర సెంటు సేద్యం

మా ఇంటి ముందున్న లాను పొడవు 18 అడుగులు, వెడల్పు 12. మొత్తం 216 చదరపు అడుగులు. సెంటంటే 435.6 గనక, అర సెంటుకి రెండడుగులు తక్కువ. ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ణి, ఇలాంటివి చెప్పకుండా ఉండలేను. అయినా ఎవరైనా అడిగితే మాత్రం అర సెంటనే అంటాను. ఆస్తి దగ్గర రెండడుగులు ఎక్కువ చెప్పుకోవడం కృష్ణా జిల్లాలో తప్పు కాదు.

రోడ్డు మీద నిలబడి చూస్తే ఆ అర సెంటూ కళ్లు చల్లబడేంత పచ్చగా ఉంటుంది. గేటు తీసుకుని లోపలికొస్తేనే గుట్టు బయటపడుతుంది. అందులో నేను డబ్బిచ్చి కొన్న గడ్డి మొన్నమొన్నటిదాకా పావు వంతు. మిగతా ముప్పావూ పిలవని పేరంటానికి వచ్చి పీట వేసుకు కూర్చున్నది. దాన్ని లేవగొట్టడానికి రెండేళ్లుగా నేను చేస్తున్న సేద్యం గురించే ఈ గోడు.

జబ్బు న్యూజెర్సీలో అంటుకుంది. మా అబ్బాయికి అక్కడ ఉద్యోగం. మనవరాల్ని చూసుకోవడానికి ఆర్నెల్లు మేమూ, ఆర్నెల్లు గుడివాడలో ఉండే మా వియ్యాలవారూ వంతులేసుకుని వెళ్లాం. పొద్దున లేస్తే పలకరించడానికి మనిషి ఉండడు, తిట్టుకోవడానికి పేపరు ఉండదు. కిటికీలోంచి చూస్తే గడ్డి. ఏం చేస్తాం, రెండో వారానికల్లా గడ్డి కోసే మిషను తోయడం నేర్చుకున్నాను. కోసిన గడ్డిని సంచుల్లోకెత్తి రోడ్డు పక్కన పెడితే బండివాళ్లు వచ్చి పట్టుకుపోయేవారు. మోపు గడ్డి ధర తెలిసిన ప్రాంతం నుంచి వెళ్లినవాణ్ణి, ఆ సంచులు చూస్తే కడుపు తరుక్కుపోయేది. "ఒరే, ఈ ఊళ్లో దీన్ని తినే గేదె ఒక్కటి కూడా లేదట్రా?" అనడిగాను. "నాన్నా, మెల్లిగా" అన్నాడు మా వాడు, ఆ గేదెలు ఎక్కడ వింటాయో అన్నట్టు.

ఆ గడ్డిలో అక్కడక్కడా మూడేసి ఆకుల మొక్క ఒకటి, తెల్లటి బంతుల్లాంటి పూలు పూస్తూ ఉండేది. నాకు ముచ్చటేసింది. మా వాడికి మాత్రం దాన్ని చూస్తే పరీక్షలో కాపీ కొడుతున్న పిల్లాణ్ణి చూసినట్టుండేది. క్లోవర్ అని పేరు చెప్పాడు. దాన్ని ఉంచుకుంటే వీధిలో పరువు పోతుందట. మందు కొట్టే మనిషి వచ్చాడు, కొట్టాడు, మా బందరులో ఒక కుటుంబం నెల తినే డబ్బు పట్టుకుపోయాడు.

ఊరికే కూర్చోలేక ఆ క్లోవర్ చరిత్ర కొంత చదివాను. ఒకప్పుడు అదే దేశంలో లాను గింజలు అమ్మేవాళ్లు క్లోవర్ గింజలు కూడా కలిపి అమ్మేవారట. అది పెసర, మినుము జాతి మొక్క. దాని వేళ్ల బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకిస్తాయి, ఆ బలంతో పక్కనున్న గడ్డి పెరుగుతుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో 2,4-డి అనే కలుపు మందు బజారుకొచ్చింది. వెడల్పాకు మొక్కల్ని చంపి గడ్డి జోలికి పోదు, అదీ దాని గొప్ప. క్లోవరుది కూడా వెడల్పాకే. క్లోవరుని వదిలేసే మందు కనిపెట్టడం కంటే క్లోవరునే కలుపు అనడం తేలిక. అలా అన్నారు. అప్పటిదాకా డబ్బిచ్చి చల్లుకున్నదాన్ని అప్పట్నుంచి డబ్బిచ్చి చంపుతున్నారు. ఆ తర్వాత గడ్డి నీరసంగా ఉందని నత్రజని ఎరువు సంచిలో కొనుక్కొస్తున్నారు. ఇదంతా చదివి నవ్వుకున్నాను. నవ్వుకున్నవాణ్ణి బుద్ధిగా ఇంటికొచ్చి ఊరుకోవచ్చు కదా!

బందరు దిగిన నెలలోపే వాకిట్లో గడ్డి పరిపించే పని మొదలుపెట్టాను. "ధనుర్మాసంలో ముగ్గెక్కడ పెట్టను, గొబ్బెమ్మలెక్కడ పెట్టను, మీ గడ్డి మీదా?" అంది మా ఆవిడ. గేటు బయట పెట్టుకోమన్నాను. ఆ మాట ఖరీదు నాకు తర్వాత తెలిసింది. మా నేలలో ఉప్పు పాలు ఎక్కువ గనక ట్రాక్టరు ఒండ్రుమట్టి తోలించాను. కడియం నర్సరీ నుంచి మెక్సికన్ గడ్డి తెప్పించాను. పలకలు పలకలుగా కోసి, ఉలవచారు అన్నం అంటుకున్న విస్తరాకుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి పంపారు. మట్టి, గడ్డి, కిరాయి, కూలీ అన్నీ కలిపి 12 వేలు. ఆ పలకల అడుగున ఎవరెవరు టిక్కెట్టు లేకుండా గోదావరి దాటి వచ్చారో అప్పటికి నాకు తెలీదు.

తొలకరి పడ్డాక మొదటివాడు తల బయటపెట్టాడు. మూడు ఆకులు, ఒక్కో ఆకూ గుండె ఆకారంలో. ముక్కుపుడకంత పసుపు పువ్వు, అయిదు రేకులు. సాయంత్రమయ్యేసరికి ఆకులన్నీ గొడుగు ముడిచినట్టు ముడుచుకునేవి. వారానికో జానెడు పాకి, పాకిన ప్రతి కణుపు దగ్గరా వేరు దించేది. వీడియో కాల్లో చూపిస్తే మా అబ్బాయి మొహం పాలిపోయింది. "నాన్నా, క్లోవర్!" అన్నాడు. పక్కనుంచి మనవరాలు, "తాతా, నాలుగాకులది దొరికిందా? దొరికితే లక్కు" అంది. లక్కుకోసం రెండు గంటలు బోర్లా పడుకుని వెతికాను. పోస్టుమాన్ గేటు దగ్గర నిలబడి, "మేస్టారూ, ఏమైనా పోయిందాండీ?" అనడిగాడు.

నిజం చెప్పొద్దూ, మొదటి పదిహేను రోజులూ నాకు లోపల గర్వంగానే ఉంది. కలుపంటే అందరికీ ఊద, తుంగ. మా ఇంట్లో అమెరికా కలుపు! కోనేరు సెంటర్లో కనిపించిన ఇద్దరు ముగ్గురికి ఆ బాధ చెప్పుకున్నాను కూడా. ఆ గర్వం పాలుపోసే ఆవిడ తీసేసింది. గిన్నె కింద పెట్టి, ఓ రెమ్మ తుంపి, నోట్లో వేసుకుని నమిలి, "ఇదేం అమెరికావండీ మేస్టారూ, పులిచింతాకు. పప్పులో ఏసుకుంటే చింతపండు అక్కర్లేదు" అని వెళ్లిపోయింది. నేనూ ఓ ఆకు నమిలి చూశాను. పళ్లు జివ్వుమన్నాయి. ఆ పులుపు ఆక్సాలిక్ ఆమ్లానిది. మూడాకులుండటం తప్ప క్లోవరుకీ దీనికీ చుట్టరికం లేదు. నేలకి నత్రజని ఇవ్వదు సరికదా, ఉన్నది కాస్తా తాగేస్తుంది.

ఇక పీకుడు మొదలైంది. పొద్దున ఆరింటికి గోనెపట్టా వేసుకుని కూర్చునేవాణ్ణి. పులిచింత కాయ ఎప్పుడైనా చూశారా? బెండకాయని వడ్లగింజంత పొడుగుకి కుదించి, ఆకాశం వైపు నిలబెట్టినట్టుంటుంది. ముదిరినదాన్ని తాకితే చాలు, టప్పున పగిలి గింజల్ని నలుదిక్కులా విసురుతుంది. పీకడానికి చెయ్యి వేసిన ప్రతిసారీ కళ్లద్దాల మీద నాలుగు గింజలు, చొక్కా మీద నాలుగు, మిగతావి లానులో. అంటే నేను పొద్దున కలుపు తీస్తున్నాననుకుంటూ విత్తనాలు చల్లుతున్నానన్నమాట. నెల్లాళ్లు పీకాక లెక్క చూసుకుంటే నెల కిందటికంటే ఎక్కువున్నాయి. నా సర్వీసులో ఏ లెక్కా ఇంత ఎదురు తిరగలేదు.

మా పక్కింటి బాబాయిగారు ఇరిగేషన్‌లో రిటైరయ్యారు. చెవి కాస్త మందం, కృష్ణానది మాట వస్తే మాత్రం పాముచెవులు. ఓ రోజు విసుగెత్తి గోడ మీంచి కేకేశాను.

"ఈ పులిచింత వదలడం లేదండీ బాబాయిగారూ!"

"ఎవరన్నారు? నిన్న సాయంత్రమే వదిలారు" అన్నారాయన.

"లేదండీ, పొద్దున్నుంచి చూస్తున్నాను, ఎంత లాగినా..."

"మీరు లాగితే వస్తుందా అండీ? అక్కణ్ణుంచి ప్రకాశం బ్యారేజీకి రావాలి, బందరు కాలవలో పడాలి, దారిలో తోడుకునేవాళ్లు తోడుకోవాలి. మనం చివర ఉన్నాం. చివరివాడికి ఓపికుండాలి."

అప్పటిగ్గాని నాకు వెలగలేదు. ఆయన పులిచింతల ప్రాజెక్టు గురించి మాట్లాడుతున్నారు. కె.ఎల్. రావు గారి పేరు పెట్టిన ఆ ప్రాజెక్టులో 2021 ఆగస్టులో 16వ నంబరు గేటు కొట్టుకుపోయినప్పుడు ఈయన రెండ్రోజులు సరిగ్గా అన్నం తినలేదు. నాది ఆ పులిచింత కాదని చెప్పబోయాను. వినలేదు. 1855 నాటి ఆనకట్ట దగ్గర ఎత్తుకుని, 1957 నాటి బ్యారేజీ మీదుగా వచ్చి, పులిచింతల నిండితే 45.77 టీఎంసీలని చెప్పి, "మీకెంత భూమి?" అనడిగారు. అర సెంటన్నాను. ఆయన నా వంక జాలిగా చూశారు. ఆ రాత్రి నిద్రపట్టక లెక్కేశాను. ఆ 45.77 టీఎంసీలూ నా అర సెంటులో నిలబెడితే నీటిమట్టం 64 వేల కిలోమీటర్ల పైచిలుకు ఎత్తుకి లేస్తుంది. పులిచింతాకు అప్పటికీ మొలుస్తుందని నా నమ్మకం.

ఏప్రిల్లో గుడివాడ వెళ్లాల్సొచ్చింది. మా వియ్యంకుడిగారికీ న్యూజెర్సీ జబ్బే. ఆయనా లాను వేయించారని తెలుసుగానీ చూడటం అదే మొదలు. చూశాక నోట మాట రాలేదు. కాలవలు కట్టేసి, ఊళ్లో చెట్లన్నీ దుమ్ముకొట్టుకుని ఉన్న రోజుల్లో ఆయన వాకిలి బిలియర్డ్సు బల్లలా ఉంది. ఒక్క పండుటాకు లేదు. ఒక్క మూడాకు లేదు.

"చూశారా బావగారూ, ఒక్క కలుపు మొక్క చూపించండి, వంద రూపాయలిస్తాను" అన్నారు. మా ఆవిడ నా వైపు చూసింది. ఆ చూపు ఎలాంటిదో పెళ్లయినవాళ్లకి చెప్పనక్కర్లేదు.

మెచ్చుకోలుగా చెప్పులు విప్పి లానులోకి కాలు పెట్టాను. సుర్రుమంది. ప్లాస్టిక్! ఎండకి పెనంలా కాలుతోంది. "బెంగుళూరు నుంచి తెప్పించానండీ, నీళ్లక్కర్లేదు, కొయ్యక్కర్లేదు" అంటున్నారాయన. అరికాళ్లు చల్లార్చుకోవడానికి అరుగు అంచున కూర్చుంటే, రెండు చాపలు కలిసిన చోట, అతుకులోంచి, ముక్కుపుడకంత పసుపు పువ్వు నన్ను చూసి నవ్వింది. ప్లాస్టిక్కుని తొలుచుకుని వచ్చింది మహాతల్లి. వంద రూపాయలు అడగలేదు. వియ్యంకుడి ఇంట్లో లోపాలు ఎత్తి చూపడం మర్యాద కాదు. బస్సులో మా ఆవిడకి మాత్రం రెండుసార్లు చెప్పాను.

ఆ ప్రయాణంలోనే నేను తప్పు చేశాను. బస్టాండుకి వెళ్లేదారిలో ఒక ఎరువుల కొట్టు కనిపించింది. 2,4-డి ఉందా అనడిగాను. "వరిలోకాండీ? ఎన్నెకరాలు?" అన్నాడు కొట్టతను.

"అర సెంటు."

"అర ఎకరమా?"

"అర సెంటు."

అతను కాసేపు నన్ను చూసి, లోపలికి తిరిగి, "ఒరేయ్, మేస్టారికి కుర్చీ వెయ్యి, మంచినీళ్లియ్యి" అన్నాడు. ఎకరానికి అరకిలో పొడి. ఎకరంలో నాది 200వ వంతు గనక నాకు కావలసింది రెండున్నర గ్రాములు. కానీ అరకిలో పొట్లం కొనాలి. రెండున్నర గ్రాములు తూచడానికి మా వీధి చివర కంసాలి దగ్గరికెళ్లి విషయం చెప్పాను. "కలుపు మందు తూచిన తాసులో కాసు బంగారం ఎలా తూచమంటారండీ?" అని చేతులు జోడించాడు. న్యాయమే. కళ్లతో చూసి ఉజ్జాయింపుగా కలిపాను. లెక్కల మేస్టారు ఉజ్జాయింపుగా కలిపితే ఏమవుతుందో అదే అయింది.

లానులో ఒక వైపు కొట్టాను, గాలి సముద్రం మీంచి వీస్తోంది. ఆ వైపు పక్కనే మా ఆవిడ టమాటా పాదులు, నాలుగు బెండ మొక్కలు. 2,4-డి తుంపర టమాటాకీ పత్తికీ బెండకీ తగిలితే చాలని పొట్లం మీద రాసే ఉంటుంది. కళ్లద్దాల మీద పులిచింత గింజలు అంటుకుని ఉండటం వల్ల చదవలేదు. వారానికల్లా టమాటా ఆకులు జంతికల్లా మెలికలు తిరిగాయి. పులిచింత పండుబారి చచ్చినట్టే చచ్చి, జూన్‌లో రెండు వానలు పడగానే నేలలో దాచుకున్న గింజల్లోంచి పిల్లాజెల్లాతో సహా లేచి వచ్చింది. మా ఆవిడ మెలిక తిరిగిన టమాటా కొమ్మ ఒకటి తుంపి దేవుడి గూటి పక్కన, నేను పొద్దున లేస్తూనే చూసేచోట పెట్టింది. నాలుగు రోజులు ఒక్క మాట మాట్లాడలేదు. మిగిలిన పొడి అటక మీద, తాళం వేసిన పెట్టెలో ఉంది. ఆ తాళం ఆవిడ దగ్గరుంది.

ఇక మిగిలింది ఉప్పు. మంగినపూడి సముద్రం పక్కనే ఉన్న ఊళ్లో అంతకంటే చవకైన మందేముంటుంది? కల్లుప్పు పది కిలోలు తెచ్చి, బకెట్లో నీళ్లు కలిపి పెట్టాను. ఆ పూటే నాగాయలంక నుంచి మా బావమరిది దిగాడు. అయిదెకరాల రైతు. నేనేం చెప్పినా వెక్కిరించడం వాడి హక్కు, పెళ్లినాటి నుంచీ అంతే. బకెట్ చూసి, వేలు ముంచి నాలిక్కి రాసుకుని, "ఎందుకు బావా?" అనడిగాడు. చెప్పాను.

వాడు వెక్కిరించలేదు. మెట్టు మీద కూర్చున్నాడు. "ఉప్పెన నాటికి నాకు ఎనిమిదేళ్లు. 77 నవంబరు 19. నీళ్లు పోయాక మా చేలు ఎలా ఉన్నాయో నువ్వు చూళ్లేదు. మరుసటేడు నారు పోస్తే ఎర్రబడి చచ్చిపోయింది. కాలవ నీళ్లు పెట్టడం, మూడ్రోజులు నిలబెట్టడం, మురుక్కాలవలోకి వదలడం, మళ్లీ పెట్టడం. మా నాన్న ఎన్నిసార్లు కడిగాడో! నేలలోంచి ఉప్పు పోవడమంటే ఇంట్లోంచి అప్పు పోవడం లాంటిది బావా. నువ్వు చేతులారా పోసుకుంటానంటావు" అన్నాడు. బకెట్ తీసుకెళ్లి మురుక్కాలవలో పారబోసి వచ్చాను.

కాఫీ తాగాక వాడి మామూలు నోరు వాడికొచ్చింది. ఎంతయింది దీనికి అన్నాడు. 12 వేలన్నాను. పెదాలు కదిపాడు. "అర సెంటుకి పన్నెండు వేలంటే ఎకరానికి ఇరవై నాలుగు లక్షలు. దిగుబడేంటి?" అన్నాడు. లేదన్నాను. "మేత?" లేదన్నాను, మందు కొట్టింది గేదెకి వెయ్యకూడదు. "మరి కోస్తావెందుకు?" పెరుగుతుంది గనక అన్నాను. "పెరగడానికేం చేస్తావు?" నీళ్లు, ఎరువు వేస్తానన్నాను. వాడు లోపలికి కేకేశాడు, "అక్కా, బావకి బీపీ చూపించారా ఈ మధ్య?"

వాళ్ల చేలో సార్వా వరి కోతకి రెండు మూడు రోజుల ముందు, పదునుండగానే, నిలబడ్డ వరిలో మినుము చల్లుతారు. ఓ మూల గేదెల కోసం పిల్లిపెసర. వరి కోసి పనలు తీసేసరికి కింద మొలకలు లేచి ఉంటాయి. దుక్కి లేదు, నీళ్లు లేవు, మంచు తాగి పెరుగుతాయి. దివిసీమలో ఆ రోజుల్లో గట్టు మీద నడిస్తే కనుచూపు మేర మూడాకుల మొక్కే. పిల్లిపెసరది కూడా క్లోవర్ కులమే, వేళ్లకి అవే బుడిపెలు. గేదె తినగా మిగిలింది దున్నేస్తే నేలకి బలం. "మేం డబ్బిచ్చి మూడాకులు చల్లుకుంటాం, మీ అబ్బాయి డబ్బిచ్చి మూడాకులు చంపుకుంటాడు. ఇద్దర్నీ నువ్వే చదివించావు" అన్నాడు వాడు. నిజమే, వాడికి పదో తరగతి లెక్కలు నేనే చెప్పాను.

మనవరాలి నాలుగాకుల సంగతి చెబితే పగలబడి నవ్వాడు. వరిచేలో నీళ్లు నిలిచిన చోట నాలుగాకుల మొక్క ఒకటి తేలుతూ ఉంటుంది, శాస్త్రంలో మార్సీలియా. పువ్వూ కాయా లేని జాతి, ఫెర్నుల చుట్టం. ప్రతి కాడకీ నాలుగే ఆకులు, తప్పదు. "లక్కేగా కావలసింది, బస్తాల్లో పంపిస్తాను. ఆ లక్కు పీకలేకే కూలీలకి పోస్తున్నాం" అన్నాడు. వాడికి అసలు కలుపంటే మినుములో పడే బంగారుతీగ. ఆకు లేదు, భూమిలో వేరు లేదు, పచ్చటి మినుము మీదికెక్కి రసం తాగుతుంది. పేరు చూడండి! చిలకలపూడి గిల్టు బంగారమైనా మెడలో నాలుగు పండగలు మెరుస్తుంది, ఈ బంగారం ఎక్కిన చోట పంటే ఉండదు.

వెళ్తూ వెళ్తూ ఉపకారం చేశాడు. వాళ్ల చేలో ముప్పై ఏళ్లుగా కలుపు తీస్తున్న పెద్దమ్మ ఒకావిడ బందరులో కూతురింటికి వచ్చిందనీ, ఆవిణ్ణి పంపిస్తాననీ. మర్నాడు ఎనిమిదింటికి ఆవిడ తొలిక చేత్తో పట్టుకుని వచ్చింది. లాను అంచున నిలబడి, కొంగు నడుముకి చుట్టుకుని, ఆ చివర్నుంచి ఈ చివరిదాకా ఓసారి చూసింది. తర్వాత నన్ను అడిగింది.

"మేస్టారూ, ఇందులో పంటేదండీ?"

చూపించాను. సన్నగా, పొట్టిగా, పలచగా ఉన్న మెక్సికన్ గడ్డి. ఆవిడ వంగి దాన్ని రెండు వేళ్లతో పట్టుకు చూసింది. నా మొహం చూసింది. చెవుడనుకుందో, నేను పొరపాటు పడ్డాననుకుందో, "సరేనండీ" అని కూర్చుంది. నాకు పెన్షను పని మీద బ్యాంకుకి వెళ్లాల్సి వచ్చింది. పన్నెండింటికి తిరిగొచ్చేసరికి పని అయిపోవస్తోంది. గేటు దగ్గర ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు నేల అద్దంలా శుభ్రంగా ఉంది. ఓ పక్కన గుట్టగా మెక్సికన్ గడ్డి. మిగతా లానంతా పులిచింతాకు కళకళలాడుతోంది, ఒక్క పరాయి పోచ లేకుండా, గీసినట్టు, వరుసగా.

"గడ్డంతా తీసేశానండీ. కూర జాగర్తగా ఉంచాను. ఎంత మంచి పులిచింతాకండీ, మా ఊళ్లో ఇంత ఒత్తుగా రాదు" అంది.

ఏమనగలను? ముప్పై ఏళ్లుగా ఆ చేతులు గడ్డి కనిపిస్తే పీకుతున్నాయి, కూర కనిపిస్తే ఒళ్లో వేసుకుంటున్నాయి. నేనొక్కసారి చూపించింది దానిముందు నిలుస్తుందా? కూలి ఇచ్చాను. ఒడినిండా ఆకు కోసుకుని వెళ్లింది. మా ఆవిడ కూడా మందు కొట్టని వైపు ఒక చేటెడు కోసి, కందిపప్పులో వేసి, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఇంగువతో పోపు పెట్టింది. టమాటాలు నేనే చంపాను గనక ఇంట్లో ఇంకేం పులుపు లేదు. నాలుగు నెలల తర్వాత ఆ పూట నాతో నవ్వుతూ మాట్లాడింది. మొదటి ముద్ద పంతంకొద్దీ వద్దనుకున్నాను. మూడోసారి మారు వడ్డించుకున్నాక ఆ పంతం సంగతి నేనూ ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు. మూత్రపిండాల్లో రాళ్లున్నవాళ్లు మాత్రం ఈ ఆకు జోలికి పోకండి, ఆక్సాలిక్ ఆమ్లం మంచిది కాదు.

శుభ్రం చేసిన ఆ ఆరడుగుల నాలుగడుగుల నేల మీద మళ్లీ పలకలు పరిపిద్దామనుకున్నాను. పది రోజులు ఆలస్యం చేశాను. పదకొండో రోజు పొద్దున సూదుల్లా తుంగ లేచింది. లెరాయ్ హోమ్ అనే శాస్త్రవేత్త, మరికొందరు కలిసి ప్రపంచంలోని చెడ్డ కలుపు మొక్కల మీద 1977లో పుస్తకం వేస్తే అందులో మొదటి స్థానం ఈ తుంగకే ఇచ్చారు. పైన పీకితే కింద గడ్డ మిగులుతుంది, గడ్డ తవ్వితే గొలుసులా ఇంకో గడ్డ. మొన్న ఆయుర్వేదం కొట్టుకి వెళ్తే తుంగముస్తలు తూచి అమ్ముతున్నారు. మా ఇంట్లో ఉన్నాయి, కొంటారా అనడిగాను. కావాలంటే ఎండబెట్టి పట్టుకు రమ్మన్నాడు. రెండేళ్లలో నా సేద్యానికి వచ్చిన మొదటి బేరం అది.

ధనుర్మాసం వచ్చింది. మా ఆవిడ ఆ తుంగ మీద రెండు చెంబులు కళ్లాపి కొట్టి, దాన్ని లెక్కచెయ్యకుండా చుక్కల ముగ్గు వేసింది. ఉదయం తొమ్మిదింటికి చుక్కల్లోంచి తుంగ లేస్తుంది, ముగ్గు మాత్రం బాగానే కనిపిస్తుంది.

పులిచింతాకు కావలసినవాళ్లు పొద్దున ఏడింటిలోపు రండి, గేటు తీసే ఉంటుంది, డబ్బులేమీ ఇవ్వక్కర్లేదు. టమాటా పాదుల వైపున్నది కొయ్యకండి, అక్కడ మందు కొట్టాను. తుంగ కూడా పీక్కుపోయేవాళ్లకి కాఫీ ఇస్తాం. గడ్డ మిగిల్చి పైపైన పీకితే మాత్రం కాఫీ ఇవ్వబడదు.